వార్తల్లో పట్టుబడ్డ 'డ్రగ్' పేరు, మా అత్తయ్య మాత్రల అట్ట మీద పేరు ఒకటే. ఇది మందా, మత్తుమందా?

స్వప్న_కొంపల్లి
అందరికీ నమస్కారం. మా అత్తయ్యకి 67 ఏళ్లు. నిద్ర పట్టడం లేదంటే ఊళ్లో ఆర్‌ఎంపీ రాత్రిపూట వేసుకోమని ఒక చిన్న మాత్ర ఇచ్చాడట. అది మూడేళ్లుగా నడుస్తోంది. ఇప్పుడు మా దగ్గరికి వచ్చారు. అట్ట అయిపోతోందని కింద మెడికల్ షాపుకి వెళ్తే చీటీ లేకుండా ఇవ్వనన్నారు. అట్ట చూస్తే మూలన ఎర్ర అక్షరాల్లో ఎన్‌ఆర్‌ఎక్స్ అని ఉంది. మందు పేరు ఆల్ప్రజోలం. అదే రోజు రాత్రి వార్తల్లో ఊరి బయట ఏదో షెడ్డులో డ్రగ్స్ పట్టుకున్నారని చూపించారు. ఆ పౌడర్ పేరు కూడా అదే!

మా వారు "డ్రగ్స్ అయితే ఈ రాత్రి నుంచే బంద్" అంటున్నారు. అత్తయ్య ఏమో "నేనేమైనా తాగుబోతునా, నిద్ర కోసం వేసుకుంటున్నా" అని అలిగి కూర్చున్నారు. ఏది మందు, ఏది డ్రగ్ అనేది ఎవరు నిర్ణయిస్తారు? అట్ట మీద ఆ గుర్తులకి అర్థం ఏమిటి? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

మెడికల్‌షాప్_మూర్తి (గుంటూరు)
అమ్మా, ముందు ఒక్క మాట. ఈ రాత్రి నుంచే బంద్ చేయకండి. ఎందుకో డాక్టర్లు ఎవరైనా వచ్చి వివరంగా చెబుతారు. రోజూ వేసుకునే మనిషికి ఈ రకం మాత్ర ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. మిగిలిన మాత్రలు అయిపోయేలోపు డాక్టర్‌కి చూపించండి.

ఇక గుర్తుల సంగతి. మన దేశంలో మందుల చట్టం 1940 నాటిది, దాని రూల్స్ 1945వి. ఆ రూల్స్‌లో షెడ్యూళ్లు ఉంటాయి. షాపులో మాకు రోజూ పని పడేవి హెచ్, హెచ్1, ఎక్స్.

షెడ్యూల్ హెచ్ అంటే చీటీ మీద ఇవ్వాల్సినవి. అట్ట మీద ఆర్‌ఎక్స్ అని ఉంటుంది. బీపీ మాత్రలు, చాలా యాంటీబయోటిక్స్ ఇందులోకి వస్తాయి. హెచ్1 అనేది 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ మందు అమ్మితే మేము విడిగా రిజిస్టర్ పెట్టి రోగి పేరు, డాక్టర్ పేరు, ఎన్ని ఇచ్చామో రాసి మూడేళ్లు దాచాలి. మీ అత్తయ్యగారి ఆల్ప్రజోలం ఇందులోనే ఉంది. డయాజిపామ్, జోల్పిడెమ్, ట్రమడాల్, కోడీన్ కూడా ఇక్కడే. షెడ్యూల్ ఎక్స్ ఇంకా గట్టిది. అట్ట మీద ఎక్స్‌ఆర్‌ఎక్స్ అని ఉంటుంది, చీటీ రెండు కాపీలు కావాలి, ఒకటి మేము రెండేళ్లు ఉంచుకోవాలి, మందు బీరువాలో తాళం వేసి పెట్టాలి. కెటమిన్, మిథైల్‌ఫెనిడేట్, కొన్ని పాతకాలం నిద్రమందులు అందులో ఉన్నాయి. దానికి లైసెన్సే వేరు. చిన్న షాపుల వాళ్లు చాలామంది ఆ జోలికే పోరు.

ఎర్ర ఎన్‌ఆర్‌ఎక్స్ అంటే ఈ మందు మాదకద్రవ్యాల చట్టం కిందికి కూడా వస్తుందని. మీ షాపతను చీటీ అడగడం సరైన పనే.

కడప_కుర్రాడు
మూర్తి గారూ, రూల్స్ బాగానే చెప్పారు గానీ మా వీధిలో ఏ షాపుకి వెళ్లినా పేరు చెబితే చాలు ఇచ్చేస్తారు. చీటీ అడిగిన వాడిని ఇంతవరకు చూడలేదు. మూడేళ్లు రిజిస్టరా? నవ్వొస్తోంది.

మెడికల్‌షాప్_మూర్తి (గుంటూరు)
నవ్వండి బాబూ, కాదనను. ఇచ్చే వాళ్లు ఉన్నారు. నేను చీటీ అడిగితే "పక్క షాపులో ఇస్తారులే" అని తిట్టి వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఆ రెండోది ఎవరూ రాయరు.

సైకియాట్రీ_డాక్టర్ (విశాఖ)
స్వప్న గారూ, మీ ప్రశ్నలో రెండు వేరు వేరు వర్గీకరణలు కలిసిపోయాయి. ఒకటి చట్టం చేసినది, ఎవరు అమ్మాలి, ఎవరి దగ్గర ఎంత ఉండొచ్చు అనేది అది చూస్తుంది. రెండోది మందు ఒంట్లో ఏం చేస్తుందో చూసి చేసినది. ఈ రెండూ ఒకదానికొకటి సరిపోవు. మూర్తి గారు చెప్పిన హెచ్1 జాబితానే చూడండి. ఆల్ప్రజోలం ఉన్న ఆ జాబితాలోనే టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ ఉన్నాయి, లీవోఫ్లాక్సాసిన్ ఉంది. అవి మత్తునిచ్చేవి కావు. ఇష్టమొచ్చినట్టు వాడితే క్రిములు మందుకి లొంగకుండా పోతాయని అక్కడ పెట్టారు. కాబట్టి "హెచ్1 కాబట్టి డ్రగ్" అనుకోవడానికి లేదు.

మీ ఇంటికి పనికొచ్చేది రెండోదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మెదడు పనిని నెమ్మదింపజేసేవి మొదటి గుంపు. మద్యం, ఆల్ప్రజోలం, డయాజిపామ్ లాంటి బెంజోడయాజెపైన్లు, పాత బార్బిట్యురేట్లు, క్లోరల్ హైడ్రేట్ ఇందులోవే. మెదడులో గాబా అనే రసాయనం ఉంటుంది, నరకణాల హడావుడి తగ్గించడం దాని పని. ఇవి ప్రధానంగా ఆ గాబా ప్రభావాన్నే పెంచుతాయి. అందుకే భయం తగ్గుతుంది, కండరాలు సడలుతాయి, నిద్ర వస్తుంది. మాట తడబడటం, నడక తూలడం, జ్ఞాపకం జారడం కూడా అక్కడి నుంచే. నెలల తరబడి రోజూ వేస్తే మెదడు దానికి సర్దుకుంటుంది, సొంతంగా శాంతపడే శక్తి తగ్గుతుంది. ఒక్కసారిగా మందు తీసేస్తే అణిగి ఉన్న హడావుడి అంతా పైకి లేస్తుంది. వణుకు, చెమటలు, నిద్ర పూర్తిగా పోవడం, లేనివి కనబడటం, ఫిట్స్. ప్రాణం పోయే ప్రమాదం కూడా ఉంది. ఆల్ప్రజోలం రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు చాలు, పెద్దవాళ్లలో ఇంకొంచెం ఎక్కువ. డయాజిపామ్, అది విరిగి తయారయ్యే పదార్థాలు రోజుల తరబడి ఉంటాయి. తొందరగా దిగిపోయే మందు ఆపితే ఇబ్బంది కూడా తొందరగా, గట్టిగా వస్తుంది. అందుకే మేము కొన్నిసార్లు ముందు నిదానంగా దిగే మందుకి మార్చి, తర్వాత దాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తాం.

రెండో గుంపు నల్లమందు కుటుంబం. మార్ఫిన్, కోడీన్, హెరాయిన్, ట్రమడాల్, ఫెంటానిల్. నొప్పి తెలియకుండా చేస్తాయి, మలబద్ధకం తెస్తాయి, కంటిపాప సూదిమొన అంత అవుతుంది, ఎక్కువైతే శ్వాస ఆగుతుంది. కోడీన్‌లో కొంత భాగం మన కాలేయంలో మార్ఫిన్‌గా మారుతుంది. అందరిలో ఒకే మోతాదులో మారదు, అందుకే ఒకరికి పనిచేయనిది ఇంకొకరికి ప్రమాదం. విరేచనాలకి వేసుకునే లోపెరమైడ్ కూడా ఈ కుటుంబంలోదే! మామూలు మోతాదులో మెదడులోకి వెళ్లదు, పేగుల మీదే పనిచేస్తుంది. కాబట్టి ఆ మోతాదులో మత్తు రాదు.

ఉత్తేజకాలు మూడోవి. కొకైన్, యాంఫెటమైన్లు, నికోటిన్, మన కాఫీలోని కెఫీన్. గుండె వేగం, బీపీ పెరుగుతాయి, కొకైన్, యాంఫెటమైన్లతో కంటిపాప పెద్దదవుతుంది, ఆకలి పోతుంది. కొకైన్‌తో పాతికేళ్ల కుర్రాడికి కూడా గుండెపోటు రావచ్చు. ఎల్‌ఎస్‌డీ లాంటి భ్రమలు పుట్టించేవి ఇంకో గుంపు. గంజాయి ఒక్క గుంపులో ఇమడదు. కొంత మత్తు, కొంత భ్రమ, గుండె వేగం మాత్రం పెరుగుతుంది.

ఇక మీరు ఇంట్లో చూసుకోవాల్సింది. మొదటి రెండు గుంపుల్లో ఒకే గుంపులోవి రెండు కలిస్తే, లేదా మొదటి గుంపుది రెండో గుంపుదానితో కలిస్తే, శ్వాస మీద దెబ్బ పడుతుంది. అత్తయ్యగారు ఇంకేం వేసుకుంటున్నారు? మోకాళ్ల నొప్పికి ట్రమడాల్ కలిసిన మాత్ర ఉందా? జలుబు మందులున్నాయా? అన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

స్వప్న_కొంపల్లి
డాక్టర్ గారూ, చాలా థ్యాంక్స్. ఇప్పుడే డబ్బా మొత్తం బోర్లించి చూశాను. మోకాళ్లకి ఒక మాత్ర ఉంది, పారాసిటమాల్‌తో ట్రమడాల్ కలిపి. రోజూ కాదు, నొప్పి ఎక్కువైనప్పుడు. జలుబు సిరప్ కూడా ఉంది, దాని మీద క్లోర్‌ఫెనిరమిన్ అని రాసి ఉంది. పొద్దున లేస్తూనే తూలుతున్నారని వయసు వల్ల అనుకున్నాం.

సైకియాట్రీ_డాక్టర్ (విశాఖ)
మూడూ మత్తు తెచ్చేవే. పెద్దవాళ్లు రాత్రి బాత్రూమ్‌కి లేచి పడిపోయి తుంటి విరగ్గొట్టుకోవడానికి ఇలాంటి కలయికలు పెద్ద కారణం. నిద్రమాత్ర ఆపకండి. మిగతా రెండింటి గురించి రేపే మీ డాక్టర్‌తో ఫోన్‌లో అయినా మాట్లాడండి.

పాలమూరు_బిడ్డ
డాక్టర్ సాబ్, మీరు రాసిన మొదటి గుంపు చదివితే మా ఊరు కల్లు దుకాణం యాదికొచ్చింది. మీ లిస్టులో ఉన్న ఆల్ప్రజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్, మూడూ మా దిక్కు కల్లులో కలిపేవే. డయాజిపామ్‌నే పేపర్లలో డైజోఫాం అని రాస్తుంటారు. చెట్టు నుంచి దించిన అసలు కల్లు వేరు. చెట్లు తక్కువ, తాగేటోళ్లు ఎక్కువ. నీళ్లు, శాక్రిన్, తెల్ల పౌడర్ కలిపి సీసాలకు పోస్తారు. దానికి అలవాటుపడ్డ మనిషికి అసలైన ఈత కల్లు పోస్తే "ఇది ఎక్కట్లేదు" అంటాడు.

2015ల దుకాణాల మీద గట్టిగా దాడులు చేసి పౌడర్ దొరకకుండా చేసినప్పుడు మా జిల్లాలో, నిజామాబాద్ దిక్కు, మెదక్ దిక్కు జనం పిచ్చిపిచ్చిగా చేశారు. మెడ వంకర పోయేది, నాలుక పిడచగట్టేది, ఫిట్స్ వచ్చేవి. కొందరు చచ్చిపోయారు కూడా. 2020 లాక్‌డౌన్‌ల దుకాణాలు మూసినప్పుడు ఎర్రగడ్డ ఆసుపత్రికి అట్లాంటోళ్లే వందలమంది పోయారు. అప్పుడు అందరూ "తాగుబోతులకు చుక్క లేక" అని నవ్విండ్రు. ఇప్పుడు అర్థమైంది, అది మద్యం ఒక్కదాని సంగతి కాదు.

సైకియాట్రీ_డాక్టర్ (విశాఖ)
సరిగ్గా పట్టుకున్నారు తమ్ముడూ. కల్లులో సహజంగా ఉండే మద్యం తక్కువే, బీరుకి దగ్గరగా ఉంటుంది. పౌడర్ కలిస్తే తాగేవాడికి తెలియకుండానే రోజూ బెంజోడయాజెపైన్ పడుతోంది, అదీ కొలత లేకుండా. స్వప్న గారి అత్తయ్యకి కనీసం అట్ట మీద ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంది. సీసా మీద ఏమీ ఉండదు. ఇవాళ తక్కువ, రేపు ఎక్కువ. క్లోరల్ హైడ్రేట్ అయితే 1869 నుంచి నిద్రమందుగా వాడిన పాత సరుకు. మంచి మందులు వచ్చాక మేము దాదాపు వదిలేశాం. మోతాదు కొంచెం ఎక్కువైతే గుండె లయ దెబ్బతింటుంది.

నేచురల్_నాని
ఇదంతా కెమికల్స్ గొడవ. గంజాయి మొక్క, ప్రకృతి ఇచ్చింది. శివరాత్రికి భంగు తాగరా? దాన్ని కొకైన్‌తో కలిపి నిషేధించడం అన్యాయం. మొక్కల నుంచి వచ్చింది హాని చేయదు.

సైకియాట్రీ_డాక్టర్ (విశాఖ)
నల్లమందు మొక్క నుంచే వస్తుంది నాని గారూ. కొకైన్ కోకా ఆకు నుంచి. గన్నేరు, ఉమ్మెత్త కూడా మొక్కలే, మా ఎమర్జెన్సీలో వాటి బాధితులను చూస్తుంటాం. పదిహేను పదహారేళ్ల పిల్లలు రోజూ గంజాయి తాగి, ఎవరో వెంటాడుతున్నారంటూ తలుపులు మూసుకుని కూర్చునే స్థితిలో మా వార్డుకి వస్తారు. అందరికీ అలా జరగదు, నిజమే. ఎవరికి జరుగుతుందో ముందే చెప్పే పరీక్ష మా దగ్గర లేదు.

లాయర్‌సాబ్_వరంగల్
భంగు ప్రస్తావన వచ్చింది కాబట్టి చట్టం వైపు నేను చెబుతాను. మాదకద్రవ్యాల చట్టం 1985 నవంబర్ 14న అమల్లోకి వచ్చింది. అది గంజాయికి ఇచ్చిన నిర్వచనం పూత, కాయ ఉన్న కొమ్మల చివర్లకే. ఆ చివర్లు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు అందులోకి రావు. ఆకుతో చేసే భంగు కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సు దుకాణాల్లో అమ్మేది అందుకే. నాని గారు సంతోషపడకండి, రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలు వేరేగా ఉంటాయి.

డాక్టర్ గారన్నట్టు చట్టం వర్గాలకూ ఒంటి వర్గాలకూ పొత్తు లేదు. కొకైన్ ఉత్తేజకం, నల్లమందు మత్తు. చట్టంలో రెండూ 'నార్కోటిక్ డ్రగ్స్' కిందే. ఆల్ప్రజోలం, డయాజిపామ్, ఎల్‌ఎస్‌డీ ఇంకో జాబితాలో, 'సైకోట్రోపిక్' అని. ట్రమడాల్‌ని 2018లో అందులో చేర్చారు. మద్యం, పొగాకు ఈ చట్టంలోనే లేవు.

2001 సవరణతో శిక్ష పరిమాణాన్ని బట్టి మారింది. చిన్న పరిమాణం, వాణిజ్య పరిమాణం అని రెండు గీతలు. గంజాయికి 1 కిలో, 20 కిలోలు. హెరాయిన్‌కి 5 గ్రాములు, 250 గ్రాములు. ఆల్ప్రజోలంకి 5 గ్రాములు, 100 గ్రాములు. వాణిజ్య పరిమాణం దాటితే పదేళ్లకు తక్కువ కాని కఠిన కారాగారం, బెయిలు కూడా చాలా కష్టం. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ ఏమందంటే, తూకం వేసేటప్పుడు అసలు మత్తుమందు ఎంతో విడదీసి చూడక్కర్లేదు, కలిపిన పదార్థం మొత్తం బరువే లెక్క. 0.5 మిల్లీగ్రాముల మాత్రలో మందు ఆవగింజ బరువంత కూడా ఉండదు, మిగతా అంతా పిండి. తూకంలో ఆ పిండి కూడా లెక్కకొస్తుంది. పౌడర్ కలిపిన కల్లు డ్రమ్ము గురించి మీరే ఊహించుకోండి.

స్వప్న గారు కంగారు పడక్కర్లేదు. సొంత వైద్యం కోసం ఒక మనిషి దగ్గర ఒకేసారి 100 మోతాదుల వరకు ఉండొచ్చని 1985 నాటి రూల్స్‌లో 66వ రూల్ చెబుతోంది. దీర్ఘకాల వైద్యమని డాక్టర్ ప్రత్యేకంగా రాస్తే 300 వరకు. చీటీ మాత్రం దగ్గర పెట్టుకోండి. ఆర్‌ఎంపీ నోటిమాట పనికిరాదు.

న్యూజెర్సీ_ఫార్మసిస్ట్
స్వప్నా, మా దగ్గరికి వచ్చే అమ్మానాన్నల సూట్‌కేసుల్లో కూడా ఇదే మాత్ర, చీటీ లేకుండా! ఇక్కడ 1970 చట్టం ప్రకారం అయిదు షెడ్యూళ్లు. ఒకటోది అత్యంత కఠినం. ఆల్ప్రజోలం, ట్రమడాల్ నాలుగోదాంట్లో. తమాషా ఏమిటంటే, ముక్కు ఆపరేషన్లలో వైద్య వాడకం ఉందని కొకైన్‌ని రెండోదాంట్లో పెట్టి, గంజాయిని ఒకటోదాంట్లో పెట్టారు. ఆ గంజాయినే మా రాష్ట్రంలో 2022 నుంచి దుకాణాల్లో అమ్ముతున్నారు. చట్టం జాబితాని చూసి ఏది ఎక్కువ ప్రమాదమో తేల్చుకోలేం అనడానికి ఇంతకన్నా ఏం కావాలి.

ఇక్కడి వృద్ధుల వైద్యసంఘం 65 దాటినవాళ్లకి వీలైనంత వరకు ఇవ్వకూడని మందుల జాబితా వేస్తుంది, బీర్స్ జాబితా అంటారు. బెంజోడయాజెపైన్లు అందులో ఉన్నాయి. మీ జలుబు సిరప్‌లోని క్లోర్‌ఫెనిరమిన్ కూడా ఉంది. అది ఏ మత్తుమందుల చట్టంలోనూ ఉండదు, చీటీ లేకుండా దొరుకుతుంది!

దుబాయ్_కరీంనగర్
గల్ఫ్‌కి వచ్చే అన్నలకు ఒక ముచ్చట. ట్రమడాల్, కోడీన్ దగ్గు మందు, ఈ నిద్రమాత్రలు ముందుగా ఆన్‌లైన్‌లో ఇక్కడి ప్రభుత్వ అనుమతి తీసుకోకుండా తేవద్దు. ఇండియా చీటీ ఉంది కదా అనుకుంటే సరిపోదు. ఇంకోటి, గసగసాలు. అమ్మ ప్రేమతో మటన్ మసాలాకని పొట్లం కట్టి ఇస్తది. యూఏఈలో గసగసాలు నిషేధం, నల్లమందు మొక్క గింజలు కదా. మసాలా పొడిల కలిసినా అంతే. మిరియాలు, ధనియాలు తెచ్చుకోండి, కావాలంటే జీడిపప్పు వేసి వండుకుందాం.

కడప_కుర్రాడు
గసగసాలు తింటే మత్తు వస్తుందా? మా అమ్మమ్మ నిద్ర పట్టకపోతే పాలల్లో కలిపి ఇచ్చేది.

సైకియాట్రీ_డాక్టర్ (విశాఖ)
కూరలో వేసే పాటి గసాలకి మత్తు రాదు. మార్ఫిన్ ఉండేది కాయ పాలలో. గింజకి కొంచెం అంటుకుని వస్తుంది, కడిగి వేయిస్తే చాలావరకు పోతుంది. ఎక్కువగా తింటే మూత్ర పరీక్షలో బయటపడొచ్చు. మీ అమ్మమ్మ మీద కేసు లేదు.

స్వప్న_కొంపల్లి
అప్‌డేట్. సైకియాట్రిస్ట్‌కి చూపించాం. పేరు వినగానే అత్తయ్య "నాకు పిచ్చా?" అన్నారు, లోపలికి తీసుకెళ్లడమే పెద్ద పని అయింది. ఆమె బీపీ మాత్రలతో సహా అన్నీ చూశారు. జలుబు సిరప్ తీసేశారు. మోకాళ్ల మాత్ర మార్చి ఉత్త పారాసిటమాల్ ఇచ్చారు. నిద్రమాత్రని రెండు మూడు నెలల్లో కొద్దికొద్దిగా తగ్గిస్తామన్నారు, చీటీ రాసిచ్చారు. తగ్గించేటప్పుడు మొదట్లో నిద్ర ఇంకా చెడుతుందని, అది చూసి భయపడి మళ్లీ మోతాదు పెంచొద్దని చెప్పారు. సాయంత్రం ఆరింటికి తాగే స్ట్రాంగ్ టీ, మధ్యాహ్నం రెండు గంటల కునుకు రెండూ ఆపమన్నారు. కునుకు వదులుకోవడానికి ఒప్పుకున్నారు. టీ మీద చర్చలు నడుస్తున్నాయి.

మా వారు లాయర్ గారి పోస్టు ప్రింట్ తీసి చీటీతో కలిపి ఫైల్‌లో పెట్టారు.

మెడికల్‌షాప్_మూర్తి (గుంటూరు)
మంచి మాట చెప్పారమ్మా. పాత అట్టల్లో మిగిలినవి ఉంటే పిల్లలకి అందే చోట పెట్టకండి. పక్కింటి వాళ్లకి "నిద్ర పట్టట్లేదా, ఇది వేసుకో" అని ఇవ్వకండి. ఇలా పంచుకోవడం మన ఊళ్లలో ఎక్కువ.

పాలమూరు_బిడ్డ
డాక్టర్ సాబ్, ఇక్కడ అడగొచ్చో లేదో. మా బాపు రోజూ దుకాణం కల్లు తాగుతాడు, పదేళ్ల పైనుంచి. ఇది చదివినంక నాకు భయమైతుంది. నేను పట్టుబట్టి ఆపిస్తే మీరు రాసినట్టే ఫిట్స్ వస్తే ఎట్ల? దాచిపెట్టి రోజుకో సీసా తగ్గించాలా?

సైకియాట్రీ_డాక్టర్ (విశాఖ)
సీసాలో ఎంత ఉందో తెలియదు కాబట్టి ఇంట్లో సీసాలు లెక్కబెట్టి తగ్గించడం కుదరదు తమ్ముడూ. ఆసుపత్రిలో చేర్చి, చూసుకుంటూ మందులతో దింపాలి. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల వాళ్లకి ఈ కేసులు బాగా అలవాటు. మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంటే ముందు అక్కడికి వెళ్లండి. ఎక్కడికి వెళ్లాలో తేలకపోతే 14446కి ఫోన్ చేయండి, మత్తు విముక్తి కేంద్రాల వివరాలు చెప్పే ప్రభుత్వ నంబర్. టెలి మానస్ 14416లో తెలుగులో మాట్లాడతారు. ఈలోపు ఒళ్లు వణకడం, తిక్కగా మాట్లాడటం, ఫిట్స్, ఏది కనిపించినా 108.

పాలమూరు_బిడ్డ
ఆసుపత్రిలో నిజం చెబితే పోలీసులకు చెబుతారా? బాపు అదే భయపడుతుండు.

లాయర్‌సాబ్_వరంగల్
చెప్పరు. మీ బాపు కొనుక్కుని తాగిన మనిషి, పౌడర్ కలిపినవాడు వేరే. చట్టంలోనే 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. వాడకం, చిన్న పరిమాణం కేసుల్లో ఉన్నవాళ్లు సైతం తమంతట తాము ప్రభుత్వం గుర్తించిన చోట వైద్యానికి వస్తే విచారణ నుంచి మినహాయింపు ఇస్తుంది. మీ బాపు మీద అసలు కేసే లేదు కదా. రోజుకి ఎన్ని సీసాలు, చివరిసారి ఎప్పుడు తాగాడు, డాక్టర్‌కి దాచకుండా చెప్పించండి. ఓపీ ఉదయం పూటే ఉంటుంది. తాగకుండా ఖాళీ కడుపుతో లాక్కెళ్లకండి, దారిలోనే ఇబ్బంది రావచ్చు. తోడుగా ఇంకొకరిని తీసుకెళ్లండి. ఆధార్ కార్డు మర్చిపోకండి.